మంత్రిగారూ, ఆదోని మిల్లుల ట్రాన్స్‌ఫార్మర్లు ఖాళీగా ఉన్నాయి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,



నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను. మిల్లుకు వచ్చే కరెంటు బిల్లు నెలనెలా ముందు నా చేతికే వస్తుంది. పెట్రోలు బండ్లు వదిలి కరెంటు బండ్లకు మారమని ప్రభుత్వాలు కొన్నేళ్లుగా చెబుతున్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఆ మార్పు ఎందుకు ముందుకు సాగడం లేదో, దాన్ని కదిలించగల వసతి ఒకటి మా ఊళ్లోనే ఎలా వాడకం లేకుండా పడి ఉందో, ఆ బిల్లులు చూసే మనిషిగా మీకు చెప్పుకోవాలనిపించింది. బహిరంగంగా రాయడానికి కారణం ఉంది. మా వైపు బాడిగ కార్లు తోలేవాళ్లు, ఆటోవాళ్లు, మెకానిక్కులు, మిల్లు యజమానులు కూడా దీన్ని చదవాలి. నేను చెప్పింది సరైనదే అనిపిస్తే వాళ్లూ మిమ్మల్ని అడగాలి.

పెట్రోలు మీద మావాళ్లకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. ఆలూరు, ఆదోని వాళ్లకు బళ్ళారిలో పని పడిందంటే ట్యాంకులో అడుగున ఉన్న పెట్రోలుతోనే బయల్దేరతారు, కర్ణాటకలో నింపుకొని వస్తారు. లీటరుకు ఐదారు రూపాయలు మిగులుతుంది మరి. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. కిలోమీటరుకు పెట్రోలు కారు ఆరేడు రూపాయలు తాగితే, ఇంట్లో చార్జింగ్ పెట్టుకున్న కరెంటు కారుకు రూపాయిన్నర దాటదు. ఒకప్పుడు రెండో బొంబాయి అని పిలిపించుకున్న ఊరు మాది. క్వింటాలు పత్తికి పది రూపాయల తేడా వస్తే మార్కెట్ యార్డులో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అలాంటి ఊరికి ఈ లెక్క తెలియక కాదు, బండి కొననిది.

అడ్డం పడేది కర్నూలు రోడ్డు. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లు. పెద్ద జబ్బు ఏదొచ్చినా, కాన్పు కష్టమైనా, ఇక్కడి ఆసుపత్రిలో "కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అని చీటీ రాసిస్తారు. అంబులెన్సు అందకపోతే బాడిగ కారే దిక్కు. మా వీధిలో కారు బాడిగకు తిప్పే ఒకాయనను ఈమధ్య అడిగాను, కరెంటు కారు ఎందుకు తీసుకోకూడదని. ఆయన చెప్పిన మాట ఇది: "సార్, నాకు రాత్రి రెండుకు ఫోను వస్తాది. బండి చార్జింగ్‌లో ఉందప్పా, తెల్లారేదాకా ఆగండని చెప్తానా? ఆ ఇంటోళ్లు మళ్లీ నన్ను పిలుస్తారా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆయన భయాన్ని కాస్త విప్పి చూడండి. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న మామూలు కరెంటు కారును ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకు పెడితే నిండడానికి పది గంటలకు పైనే పడుతుంది. కంపెనీ కాగితం మీద 300 కిలోమీటర్లు రాసినా, మే నెలలో ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని తోలితే 200 వస్తే గొప్ప. కర్నూలు పోయి రావడానికి సరిగ్గా అంతే కావాలి. ఆసుపత్రి దగ్గర తిరగడానికి, దారి తప్పడానికి, రోగిని హైదరాబాదు తీసుకుపొమ్మంటే ముందుకు పోవడానికి ఒక్క కిలోమీటరు కూడా మిగలదు. సొంత పనికి కారు వాడే ఉద్యోగస్తుడు ఈ ఇబ్బందిని సర్దుకోగలడు. బాడిగ బండి మీద బతికేవాడు సర్దుకోలేడు. మా ప్రాంతంలో రోజుకు ఎక్కువ కిలోమీటర్లు తిరిగేవి బాడిగ బండ్లే కాబట్టి, పెట్రోలు, డీజిలు ఎక్కువ మిగిలేదీ అవి మారినప్పుడే.

కర్నూలులో చార్జింగ్ పెట్టుకుని రావచ్చు కదా అంటారు. మిత్రుడి కరెంటు కారులో ఒకసారి అలాగే వెళ్లాం. ఒక బంకులో చార్జరు ఉందని ఫోనులో యాప్ చూపించింది. వెళ్లి చూస్తే తెర వెలుగుతోంది, గన్ను కారుకు తగిలించాం, పని మొదలుకాలేదు. బంకు కుర్రాడు వచ్చి, "దాంట్లో సిమ్ము రీచార్జి కాలేదు సార్, కంపెనీవాళ్లకు చెప్పినాం" అన్నాడు. లక్షల రూపాయల యంత్రం, దానికి మూడు ఫేజుల కరెంటు, అన్నీ ఉన్నాయి. లోపల ఉన్న ఫోను సిమ్ముకు డబ్బు కట్టే మనిషి లేడు. ప్రభుత్వ లెక్కలో ఆ చార్జరు ఉన్నట్టే. మాకు మాత్రం లేనట్టే. ఎన్ని చార్జర్లు పెట్టాం అన్న లెక్కతో పాటు, ఒక్కొక్కటి నెలలో ఎన్ని గంటలు పనిచేసింది అన్న లెక్క మీ శాఖ అడిగి, అందరికీ కనబడేలా పెడితే ఇలాంటివి సగం తగ్గుతాయి.

నియమాలకు కొదవ లేదు. కేంద్ర విద్యుత్ శాఖ 2018 డిసెంబరులో చార్జింగ్ స్టేషన్లకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2019లో సవరించింది. రోడ్ల మీద ప్రతి 25 కిలోమీటర్లకు రెండు వైపులా ఒక స్టేషన్, దూర ప్రయాణపు బండ్ల కోసం ప్రతి 100 కిలోమీటర్లకు ఫాస్ట్ చార్జింగ్ ఉండాలన్నది అప్పట్లో అందులో ఉన్న మాట. దాని ప్రకారం చూస్తే ఆదోనికీ కర్నూలుకూ నడుమ కనీసం మూడు చోట్ల ఉండాల్సింది. మన రాష్ట్రం 2018లో తెచ్చిన విధానంలో 2024కల్లా 10 లక్షల కరెంటు బండ్లు, లక్ష చార్జర్లు అని రాసుకుంది. 2024 వచ్చింది, పోయింది. ఇప్పుడు 2024-29 విధానం నడుస్తోంది. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు పెట్టింది. దేశమంతటా కార్ల కోసం 22,100 ఫాస్ట్ చార్జర్లు, రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లకు 48,400. ఇందులో ఆదోని వంతు ఎంత, ఎమ్మిగనూరు వంతు ఎంత అన్నది అడిగేవాళ్లు ఉంటేనే తేలుతుంది. ఇక కరెంటు బస్సుల కోసం తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ జనాభా మూడు లక్షలు దాటిన నగరాలను చూసుకుని రాసిన పథకం. అందులో కర్నూలు చోటు సంపాదించుకుంది. 2011 లెక్కల్లో లక్షా 66 వేల ఆదోని, 95 వేల ఎమ్మిగనూరు అలాంటి గీతకు ఎప్పుడూ ఇవతలే ఉండిపోతాయి.

ప్రైవేటువాళ్లు ఎందుకు రారంటే, బండ్లు లేవు కాబట్టి. బండ్లు ఎందుకు లేవంటే, చార్జర్లు లేవు కాబట్టి. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింటికి తొమ్మిది దాకా కరెంటువే. అక్కడి ప్రభుత్వం కొనేవాళ్లకు పన్నులు తగ్గించి ఊరుకోలేదు, ప్రధాన రోడ్ల మీద ప్రతి 50 కిలోమీటర్లకు ఫాస్ట్ చార్జర్లు ఉండేలా ముందే డబ్బు పెట్టింది. మనకు అంత డబ్బు లేదన్న సంగతి నాకు తెలుసు. అందుకే డబ్బు తక్కువ పట్టే దారి ఒకటి మీ ముందు పెడుతున్నాను.

మా పల్లెల్లో కరెంటు ఎలా వస్తుందో మీకు తెలియంది కాదు. ఇళ్లకు సింగిల్ ఫేజు రోజంతా ఉంటుంది. త్రీఫేజు చాలా చోట్ల బోర్లకు ఇచ్చే తొమ్మిది గంటలే. ఫాస్ట్ చార్జరుకు త్రీఫేజు రాత్రీ పగలూ కావాలి. కాబట్టి గోనెగండ్ల దగ్గరో, కోసిగి దగ్గరో రోడ్డు పక్కన ఎవరైనా చార్జరు పెట్టాలంటే ముందు 11 కేవీ లైను లాగించుకోవాలి, ట్రాన్స్‌ఫార్మరు పెట్టించుకోవాలి, అభివృద్ధి చార్జీలు కట్టాలి. యంత్రం ఖరీదుకు ఇది అదనం. రోజుకు రెండు కార్లు వచ్చే చోట ఈ పెట్టుబడి ఎవరూ పెట్టరు.

ఇక మా మిల్లు సంగతి చెబుతాను. జిన్నింగ్ మిల్లుకు 11 కేవీ లైను ఉంటుంది, కంచె వేసిన సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, హై టెన్షన్ (హెచ్‌టీ) మీటరు ఉంటుంది. దసరా తర్వాత పత్తి బండ్లు రావడం మొదలైతే మార్చి దాకా జిన్నులు ఆగవు. ఏప్రిల్ దాటిందంటే మిల్లు మూగబోతుంది. ఆఫీసులో ఒక ఫ్యాను, గేటు దగ్గర ఒక బల్బు, గోడౌను కాపలావాడి టీవీ. ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద అప్పుడుండే భారం అంతే. కంచె లోపల గడ్డి మోకాలెత్తు పెరిగి ఎండిపోతుంది, నిప్పు అంటుకుంటుందని మేమే కోయిస్తాం. అయినా సీజను లేని నెలల్లో కూడా ఒప్పుకున్న డిమాండులో కొంత శాతానికి డిమాండు చార్జీ కట్టాల్సిందే. వాడని కరెంటుకు చెక్కు రాస్తున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జరు అంటే ఎంత భారం? ఐదు హార్స్‌పవర్ల మోటార్లున్న డబుల్ రోలర్ జిన్నులు పదహారు ఒకేసారి తిరిగినంత. సీజనులో మా ట్రాన్స్‌ఫార్మర్లు అంతకు ఎన్నో రెట్లు మోస్తున్నాయి. ఆదోనిలో జిన్నింగ్, నూనె మిల్లులు ఎక్కువగా ఉన్నది రోడ్ల మీదే. ఆలూరు రోడ్డు, ఎమ్మిగనూరు రోడ్డు, మాధవరం మీదుగా రాయచూరు పోయే దారి. లారీలు తిరగడానికి వీలుగా గేట్ల ముందు జాగా ఉంటుంది. రాత్రింబవళ్లు వాచ్‌మన్ ఉంటాడు. త్రీఫేజు, జాగా, మనిషి. చార్జింగ్ స్టేషనుకు ముందు కావలసిన ఈ మూడూ మిల్లు గేటు దగ్గర దొరుకుతాయి.

మరి మిల్లువాళ్లే పెట్టుకోవచ్చు కదా అని మీ అధికారులు అనవచ్చు. చార్జింగ్ స్టేషన్ నడపడానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది, నిజమే. కానీ మిల్లు కోసం తీసుకున్న సర్వీసు నుంచి బయటి కారుకు చార్జింగ్ ఇస్తే, అది తీసుకున్న పనికి కాక వేరే పనికి వాడినట్టు లెక్క. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద తనిఖీకి వచ్చిన ఇంజినీరు రెండింతలు కట్టమని నోటీసు ఇవ్వవచ్చు. చార్జింగ్‌కు విడిగా సర్వీసు తీసుకోమంటారు. విడి సర్వీసు అంటే మళ్లీ లైను, ట్రాన్స్‌ఫార్మరు, ఖర్చు. ఏ యజమానీ ఈ తలనొప్పి పెట్టుకోడు.

కాబట్టి నేను అడిగేది ఒక్క మార్పు. సీజనల్ పరిశ్రమగా నమోదైన మిల్లుల్లో, ఉన్న ట్రాన్స్‌ఫార్మరు నుంచే, మీ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) సీలు వేసిన సబ్‌మీటరు పెట్టి, ఆ యూనిట్లను చార్జింగ్ టారిఫ్ కింద లెక్కగట్టేలా విద్యుత్ నియంత్రణ కమిషను (ఈఆర్సీ) అనుమతించాలి. టారిఫ్ తేల్చేది ఈఆర్సీయే. కానీ ప్రజా ప్రయోజనం ఉన్న విషయాల్లో కమిషనుకు విధాన సూచన ఇచ్చే వీలు అదే చట్టం 108వ సెక్షన్‌లో ప్రభుత్వానికి ఉంది. మీ సంతకంతో అది మొదలవుతుంది.

మిల్లు యజమానుల లాభం కోసం గుమాస్తా రాస్తున్నాడని ఎవరైనా అంటారేమో. వాళ్లకు కొంత ఆదాయం వస్తుంది, దాచను. దానికి బదులు షరతులు పెట్టండి. చార్జరు రాత్రి కూడా తెరిచి ఉండాలి. ఆసుపత్రి చీటీ ఉన్న బండికి వరుసలో ముందు చోటివ్వాలి. యూనిట్ ధర బోర్డు మీద రాయాలి. నెలలో చెప్పినన్ని గంటలు పనిచేయకపోతే అనుమతి రద్దు. సీజను మొదలయ్యాక కూడా ఆపకూడదు. పీక్ గంటల్లో జిన్నులు కొన్ని ఆపి అయినా నడపాలి.

పగటి పూట అయితే ఇంకో మేలు ఉంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని-శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. మా పక్కన ఆస్పరి వైపు పోతే గాలిమరలు కనబడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం సౌర విద్యుత్తు ఎక్కువగా ఉండే వేళకు, మిల్లు ట్రాన్స్‌ఫార్మర్లు ఖాళీగా ఉండే నెలలు సరిగ్గా కలుస్తాయి. ఆ గంటల్లో రేటు తగ్గిస్తే ఆటోవాళ్లు భోజనం వేళకు బండి తెచ్చి పెట్టుకుంటారు.

గిరాకీ ఎక్కడిదని అడిగితే మంత్రాలయం చూపిస్తాను. రాఘవేంద్రస్వామి దర్శనానికి బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి కార్లు రాని రోజు లేదు. ఆ నగరాల్లో కరెంటు కార్లు ఏటా పెరుగుతున్నాయి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గర కాలు పెట్టడానికి జాగా ఉండదు. ఈ యాత్రికుల బండ్లు మా రోడ్ల మీదే పోతాయి. వాళ్ల మీద వచ్చే రాబడితో చార్జరు నిలబడితే, మా బాడిగ కార్లకు అది ఊరికే దొరికిన మేలు.

ఇక్కడితో అంతా అయిపోదు. మా ప్రాంతంలో మధ్యతరగతి ఇంటికి వచ్చే మొదటి కారు చాలావరకు సెకండ్ హ్యాండుదే. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఐదారేళ్లు తిరిగినదాన్ని రెండు మూడు లక్షలకు కొంటారు. పెట్రోలు కారైతే మా మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజిను చప్పుడు విని, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూసి, "తీసుకో అన్నా" అనో "వద్దు, ఆయిలు తాగుతోంది" అనో చెప్పేస్తాడు. ఊళ్లో కార్ల బేరాలు ఆ ఒక్క మాట మీద నడుస్తున్నాయి. కరెంటు కారులో విలువంతా బ్యాటరీలోనే ఉంది, అది చప్పుడు చేయదు. ఎంత అరిగిందో చెప్పే పరికరం మా షెడ్లలో లేదు. కంపెనీలు సాధారణంగా బ్యాటరీకి ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తాయి, ఐదేళ్ల పాత బండి కొన్నవాడికి మూడేళ్లే మిగులుతుంది. అందుకే బ్యాంకులు వెనకాడతాయి, కొనేవాడు వెనకాడతాడు. ఆర్టీవో ఆఫీసులో పేరు మార్చేటప్పుడు బ్యాటరీ ఆరోగ్యం పరీక్షించి కాగితం ఇచ్చే ఏర్పాటు ఉంటే ఈ భయం తీరుతుంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి చేస్తున్నారు. ఇది రవాణా శాఖ పని అని నాకు తెలుసు, ఆ శాఖ మంత్రి గారితో మీరు మాట్లాడాలని కోరుతున్నాను. కొత్త కార్ల జీఎస్టీ గురించి నేను ఎక్కువ చెప్పను. కరెంటు కారుకు 5 శాతమే, కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లకూ 28 నుంచి 18కి దిగింది, పన్నులో తేడా తగ్గిపోయింది.

ఎర్తింగ్ సంగతి మాత్రం చెప్పక తప్పదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. బండి బాగుపడింది, ఇల్లు అలాగే ఉంది. మా పాత మిద్దె ఇళ్లలో వైరింగు ఫ్యానుకు, బల్బుకు వేసింది. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎప్పుడో పూడ్చి ఉంటారు. నల్లరేగడి ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు ఇస్తుంది. నీళ్లు పోయకపోతే ఆ గుంత ఎండిపోయి ఎర్తు పనిచేయదు. అలాంటి ప్లగ్గుకు రాత్రంతా బండి తగిలించి, ఆ గదిలోనే పిల్లల్ని పడుకోబెట్టేవాళ్లు ఉన్నారు. కరెంటు బండి కొన్న ఇంటికి లైన్‌మన్ ఒకసారి వచ్చి ఎర్తింగ్, వైరింగు చూసి వెళ్లేలా మీరు ఉత్తర్వు ఇవ్వండి. దానికి రుసుము పెట్టకండి, పెడితే ఎవరూ పిలవరు.

మెకానిక్కులు మిగిలారు. ఆదోనిలో మెకానిక్ షెడ్లు నడిపే ఉస్తాద్‌లలో చాలామంది చిన్నప్పుడే బడి మానేసి స్పానరు పట్టినవాళ్లు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో కరెంటు కార్లు తయారవుతున్నాయి. ఓర్వకల్లులో 1,200 ఎకరాల కరెంటు బండ్ల (ఇ.వి.) పార్కుకు 2025 జనవరిలో ఒప్పందం కుదిరింది. వాటిలో ఉద్యోగాలు ఎక్కువగా చదువుకున్నవాళ్లకే. మా ఉస్తాద్‌లకు కావలసింది రాత్రి పూట, ఉర్దూలోనూ తెలుగులోనూ, హై వోల్టేజి బండిని ముట్టుకునే ముందు ఏం విప్పాలో, ఏ గ్లవుజులు తొడగాలో చేతితో చేయించి నేర్పే శిక్షణ. పరీక్ష రాతతో పెట్టకండి.

చివరిగా ఎమ్మిగనూరు గురించి ఒక మాట. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ నేతగాళ్లతో సహకార సంఘం పెట్టారు. ఒక్కొక్కడి దగ్గర మగ్గం తప్ప ఏమీ లేని రోజుల్లో నూలు కొనడం, గుడ్డ అమ్మడం కలిసి చేసుకునే వీలు వాళ్లకు కలిగింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆటోవాళ్లు కూడా అలా సంఘంగా ఏర్పడి చార్జరు నడుపుకోవడానికి ముందుకొస్తే, పీఎం ఈ-డ్రైవ్ డబ్బులో వాళ్లకూ చోటు ఇవ్వండి. పెద్ద కంపెనీలకు మాత్రమే సరిపోయే టెండరు షరతులు పెడితే ఈ పట్టణాలకు ఎవరూ రారు, వచ్చినా సిమ్ము రీచార్జి చేసే మనిషిని ఇక్కడ పెట్టరు.

ఏప్రిల్ చివరికి మా జిన్నులు ఆగుతాయి. ఆలోపు ఈఆర్సీకి మీ శాఖ నుంచి లేఖ వెళితే, ఆదోనిలో ఒక మిల్లు, ఎమ్మిగనూరులో ఒక మిల్లు ఎంచుకుని శ్రావణమాసం లోపలే సబ్‌మీటరు బిగించి చూడవచ్చు. జాగా ఇచ్చే యజమానులతో మాట్లాడే పని నేను చూసుకుంటాను. మా ట్రాన్స్‌ఫార్మర్ల సామర్థ్యం, గత సీజన్ల లోడు, ఖాళీ నెలల బిల్లులు అన్నీ ఫైలు కట్టి సిద్ధంగా పెట్టాను. ఆదోని డివిజన్ ఆఫీసులో ఎవరికి ఇవ్వమంటారో చెప్పండి.

ఇట్లు,
ఆదోని పత్తి మిల్లు గుమాస్తా ఒకరు